కాకినాడ విద్యార్థులతో మారిషస్ విద్యాయాత్ర: ఏజెంటు ఇచ్చిన కార్యక్రమాన్ని ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న: కాకినాడ సైన్సు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. వచ్చే దసరా సెలవుల్లో తొమ్మిదో తరగతి విద్యార్థులు ముప్పై నలుగురిని మారిషస్ తీసుకువెళ్లాలని మా యాజమాన్యం నిర్ణయించి, ఆ బాధ్యతను నాకూ మరో ముగ్గురు ఉపాధ్యాయులకూ అప్పగించింది. మా నలుగురిలో విదేశానికి వెళ్లి వచ్చినవారు ఒక్కరే, అదీ కూతురి పురిటి సమయంలో.

ఏజెంటు అయిదు రాత్రుల కార్యక్రమం తయారుచేసి ఇచ్చాడు. మొదటిరోజు విమానాశ్రయం నుంచి హోటలుకు చేరడం, రెండోరోజు ఇల్ ఓ సెర్ఫ్ అనే చిన్న దీవిలో స్పీడ్‌బోటు, పారాసెయిలింగ్ (పడవ లాగుతుంటే పారాచూటుతో గాలిలో ఎగరడం), మూడోరోజు ఉత్తర భాగంలో షాపింగు, నాలుగోరోజు దక్షిణాన గంగా తలావ్, షామారెల్, అయిదోరోజు మళ్లీ సముద్ర క్రీడలు, ఆరోరోజు తిరుగు ప్రయాణం. 'విద్యాయాత్ర' అని పైన పెద్ద అక్షరాలతో రాశాడు గానీ, కొత్తగా పెళ్లయిన జంటలకు అమ్మే ప్యాకేజీలో 'క్యాండిల్‌లైట్ డిన్నర్' ఒక్కటి కొట్టేసి మాకు ఇచ్చినట్లుగా నాకు అనిపించింది.

మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కూలీలు మారిషస్ చేరారని విన్నాను. కోరంగి మా బడికి గంట ప్రయాణం కూడా లేదు. అందువల్ల ఆ చరిత్రకు సంబంధించిన స్థలాలను చేర్చాలంటే ఏవి చేర్చాలి, వేటిని తీసివేయాలి అన్నది నా మొదటి సందేహం. సముద్రం విషయంలో ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలన్నది రెండోది. సెలవులు కలిసి వస్తాయి గనుక యాత్రను సంక్రాంతికి మార్చుదామని యాజమాన్యంలో కొందరు అంటున్నారు. అది మంచిదేనా అన్నది మూడోది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: మారిషస్‌లో ఆరేళ్లున్న తెలుగువాడు

మాస్టారూ, మూడో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు చిన్నది. సంక్రాంతికి వద్దు. ఇక్కడ తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది, అందులోనూ జనవరి నుంచి మార్చి వరకు ప్రమాదం ఎక్కువ. 2024 జనవరి 15న, అంటే సరిగ్గా మన సంక్రాంతి రోజున, బెలాల్ తుపాను వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో వరద నీటికి కార్లు కొట్టుకుపోయాయి. తుపాను హెచ్చరిక స్థాయి పెరిగితే ఎవరూ బయట తిరగకూడదు. విమానాశ్రయాన్ని కూడా మూసివేస్తారు. ముప్పై నలుగురు పిల్లలతో హోటలు గదుల్లో రెండు రోజులు కూర్చోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అక్టోబరు పొడిగా, హాయిగా ఉంటుంది.

ఇక చరిత్ర విషయం. పోర్ట్ లూయీ రేవులో ఉన్న ఆప్రవాసీ ఘాట్ మీ కార్యక్రమంలో లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. బ్రిటిష్ వారు 1835 ఫిబ్రవరి 1న ఈ దీవిలో బానిసత్వాన్ని రద్దు చేశారు. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, బానిసల స్థానాన్ని ఒప్పందపు కూలీలతో నింపే ప్రయత్నానికి మారిషస్‌నే ప్రయోగశాలగా ఎంచుకున్నారు. రద్దుకు కొద్ది నెలల ముందే, 1834 నవంబరు 2న, 'అట్లాస్' అనే ఓడలో ముప్పై ఆరుగురు భారతీయులు ఇక్కడ దిగారు. అప్పటి నుంచి 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షలకు పైగా మనుషులు ఈ రేవు మీదుగా వచ్చారు. వారిలో అత్యధికులు భారతదేశం నుంచి వచ్చినవారే, కొందరు ఇక్కణ్ణుంచి వేరే వలస రాజ్యాలకు కూడా వెళ్లారు. ఒడ్డున ఉన్న పదహారు రాతిమెట్లు ఎక్కి వారు ఈ నేల మీద అడుగుపెట్టారు. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పక్కనే ఒక వ్యాఖ్యాన కేంద్రం ఉంది. పిల్లలకు ఓడ ప్రయాణం, విడిది, వైద్య పరీక్ష, తోటలకు పంపకం అన్నీ వరుసగా అర్థమయ్యేలా అమర్చారు. దీనికి గంట కాదు, ఒక పూట కేటాయించండి. వారాంతపు వేళలు వేరుగా ఉంటాయి గనుక పనిదినాన వెళ్లేలా చూసుకుని, ముందుగా బడి తరఫున ఉత్తరం రాయండి.

తెలుగువారిలో చాలామంది కోరంగి నుంచి ఓడలెక్కి రావడం వల్ల వారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. ఈ పేరు వినగానే మీ పిల్లల ముఖాలు ఎలా మారతాయో చూడాలని నాకు ఉంది. ఉత్తరాంధ్ర నుంచి కూడా ఎంతోమంది వచ్చారు. ఇక్కడి తెలుగు కుటుంబాలు నేటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తాయి, రామభజనలు పాడతాయి. ఉగాది ఇక్కడ దేశమంతటికీ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఈ దీవిలోనే. అయితే ఒక్క మాట ముందే చెప్పాలి: ఇంటిపేర్లు, గుడులు, పండుగలు చూసి మనవాళ్లందరూ ధారాళంగా తెలుగు మాట్లాడతారని పిల్లలు అనుకుంటారు. ఇక్కడ ఇళ్లలో, వీధుల్లో వినిపించేది ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక భాష క్రియోల్. తెలుగును బడిలో నేర్చుకున్నవారు పద్యం అప్పజెప్పగలరు, పాట పాడగలరు, మాటల్లోకి వచ్చేసరికి తడబడతారు. 'మీకు తెలుగు రాదా' అని ఆశ్చర్యపోవద్దని పిల్లలకు నచ్చజెప్పి తీసుకురండి. ఏడెనిమిది తరాల తరువాత కూడా అప్పన్నను తలచుకుంటున్నవారి ముందు ఆ ప్రశ్న బాగుండదు.

మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కూలీల వలస రికార్డులను భద్రపరిచింది అక్కడే: ఓడ పేరు, వచ్చిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు, ప్రతి మనిషికీ ఒక సంఖ్య, తరువాతి కాలపు వారికి ఫొటోలు కూడా ఉన్నాయి. మొత్తం బృందానికి వీలుపడకపోయినా, ముందుగా అనుమతి అడిగి చూడండి.

జవాబు 2: రాజమండ్రి విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు

పై మిత్రుడు చెప్పిన చరిత్ర బంధం రెండు వందల ఏళ్లలోపుది. సైన్సు మాస్టారు గనుక మీకు ఇంకా పాత బంధం ఒకటి చెబుతాను.

రాజమండ్రి చుట్టుపక్కల, పంగిడి వైపు క్వారీల్లో తవ్వే నల్లరాయి బసాల్టు. అది దక్కను లావా ప్రవాహాల తూర్పు కొస. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భారత భూభాగం ఇప్పటికంటే ఎంతో దక్షిణాన ఉన్నప్పుడు, దాని అడుగున భూమి లోపలి నుంచి ఉబికిన ఒక వేడికేంద్రం ఆ లావాను పైకి తెచ్చింది. పడమటి కనుమల దగ్గర పుట్టిన ప్రవాహం పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి మన గోదావరి తీరం దాకా చేరిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆ తరువాత మన భూఫలకం ఉత్తరానికి జరిగిపోయింది, వేడికేంద్రం మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉండిపోయింది. లక్షదీవులు, మాల్దీవుల కింద ఉన్న అగ్నిపర్వత పునాదులు ఆ దారిలో మిగిలిన అడుగుజాడలు. సుమారు 80, 90 లక్షల ఏళ్ల కిందట అదే వేడికేంద్రం మీద పైకి లేచినది మారిషస్. నేడు దాని పొరుగు దీవి రీయూనియన్‌లో పిటో ద లా ఫుర్నేజ్ అగ్నిపర్వతం ఇంకా లావా కక్కుతూనే ఉంది.

అంటే మీ పిల్లలు ఇంటి దగ్గర రోడ్డు కంకరలో చూసే రాయికీ, ఆరు గంటలు విమానంలో ఎగిరి వెళ్లి చూడబోయే రాయికీ పుట్టిల్లు ఒకటే. బయలుదేరే ముందు ఒక ఆదివారం పంగిడి తీసుకువెళ్లి చేతిలో పట్టించండి. అక్కడ క్యుర్‌పీప్ ఊళ్లో త్రూ ఓ సెర్ఫ్ అనే అగ్నిపర్వత బిలం అంచున నిలబడినప్పుడు మీరు వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

షామారెల్‌లోని 'ఏడు రంగుల నేల' కూడా కేవలం ఫొటోల కోసం కాదు. బసాల్టు వానకూ వేడికీ శిథిలమై మట్టిగా మారినప్పుడు కరిగిపోయే పదార్థాలు కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఆ ఎరుపు, ఊదా రంగులు వాటివే. గంగా తలావ్ సైతం బిలంలో నిలిచిన నీరే. ఒడ్డున ఉన్న 108 అడుగుల శివుని విగ్రహం కింద నిలబడి ఈ మాట చెబితే భక్తికి వచ్చే లోటేమీ లేదు. అక్కడ ఎత్తు ఎక్కువ, చలిగాలి, తుంపర ఉంటాయి. కాకినాడ పిల్లలకు ఒక స్వెట్టరు తప్పనిసరి.

జవాబు 3: హైదరాబాదు నుంచి బృందాన్ని తీసుకువెళ్లిన టీచరు

నేను మూడేళ్ల కిందట ఇరవై ఎనిమిది మంది పిల్లలతో ఇదే దీవికి వెళ్లాను. సముద్రం గురించి నా అనుభవం చెబుతాను.

మారిషస్ చుట్టూ చాలా మేర పగడపు దిబ్బల వలయం ఉంది. పెద్ద అలలు ఆ వలయం దగ్గరే విరిగిపోతాయి గనుక లోపలి నీరు చెరువులా ప్రశాంతంగా కనిపిస్తుంది. ప్రమాదం ఆ ప్రశాంతతలోనే ఉంది. వలయం తెగిన చోట్ల నీరు వేగంగా బయటికి లాగుతుంది. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర అసలు అడ్డు లేక కెరటాలు నేరుగా కొండను కొడతాయి. అక్కడ చూడడం వరకే, దిగడం లేదు. మన తీరం పిల్లలు సముద్రం పక్కన పుట్టి పెరిగినా చాలామందికి ఈత రాదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. తల్లిదండ్రుల సమ్మతి పత్రంలో 'ఈత వచ్చా' అని ఉంటే అందరూ 'వచ్చు' అని రాస్తారు. మేము బయలుదేరే ముందు ఒక ఈతకొలనులో చూస్తే, 'వచ్చు' అన్న పంతొమ్మిది మందిలో ఏడుగురికి మాత్రమే నిజంగా వచ్చు.

రెండోరోజు మా బృందంలోని అమ్మాయి ఒకతె నడుము లోతు నీళ్లలో సీ అర్చిన్ మీద కాలు వేసింది. నల్లని ముళ్లబంతిలా ఉండే ఆ ప్రాణి ముళ్లు పాదంలో విరిగిపోతాయి. ఏజెంటు పంపిన గైడు ఫోనులో మాట్లాడుతూ ఎటో వెళ్లిపోయాడు, కనిపించలేదు. హోటలు నర్సు ముళ్లు తీసేసరికి రాత్రి అయ్యింది. రబ్బరు అడుగున్న నీటిబూట్లు ప్రతి పిల్లవాడికీ ఇక్కడే కొని తీసుకువెళ్లండి. రాయిలా కదలకుండా పడి ఉండే స్టోన్‌ఫిష్ అనే విషపు చేప కూడా ఆ నీళ్లలో ఉంటుంది. అది గుచ్చితే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో పాదం ఉంచుతూనే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పారాసెయిలింగ్ వద్దని నా గట్టి అభిప్రాయం. ఒకరు పైకి వెళ్తే ముప్పై మూడు మంది ఎండలో నిలబడతారు, సగం రోజు గడిచిపోతుంది. దాని బదులు అడుగున అద్దం ఉన్న పడవలో బ్లూ బే సముద్ర ఉద్యానవనం చూపించండి. పగడాలు, చేపలు అందరికీ ఒకేసారి కనిపిస్తాయి. దగ్గరలోనే మహేబూర్ తీరం నుంచి కొద్ది నిమిషాల పడవ ప్రయాణంలో ఇల్ ఓజెగ్రెత్ అనే చిన్న దీవి ఉంది. మిగతా మారిషస్ అగ్నిపర్వత శిల అయితే ఇది పగడపు సున్నపురాయి. మారిషస్ వన్యప్రాణి ఫౌండేషన్ అక్కడ నల్లకలప అడవినీ, గులాబీ పావురాలనూ, పెద్ద తాబేళ్లనూ కాపాడుతోంది. మా పిల్లలు ఇంటికి వచ్చాక చెప్పుకున్నది స్పీడ్‌బోటు గురించి కాదు, ఆ గులాబీ పావురం గురించే. డోడో పక్షి పదిహేడో శతాబ్దం చివరికల్లా మనిషి వల్ల, మనిషి తెచ్చిన జంతువుల వల్ల అంతరించిపోయింది. మారిషస్ కెస్ట్రెల్ అనే డేగ 1974లో అడవిలో నాలుగంటే నాలుగు మిగిలి, మళ్లీ వందల్లోకి పెరిగింది. ఆ రెండు కథలూ ఒకే రోజు చెప్పండి. పోర్ట్ లూయీ మ్యూజియంలో డోడో ఎముకల గూడు ఉంది, ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లినరోజే అదీ చూడవచ్చు.

ఇంకొకటి. అమ్మలు ప్రేమకొద్దీ కరివేపాకు, మామిడిపండ్లు, వేయించిన విత్తనాలు సంచుల్లో కుక్కుతారు. మొక్కలు, పండ్లు, విత్తనాలను అనుమతి లేకుండా ఆ దేశంలోకి తీసుకువెళ్లకూడదు; విమానాశ్రయంలో మా బృందం గంటన్నర ఆగిపోవడానికి ఒక కరివేపాకు పొట్లమే కారణం. కాజాలు తీసుకువెళ్లండి, వాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మందులు మాత్రం డాక్టరు చీటీతో, అసలు అట్టపెట్టెలోనే ఉండాలి. నొప్పికీ నిద్రకూ వాడే కొన్ని మందుల విషయంలో అక్కడి కస్టమ్స్ చాలా కఠినం.

జవాబు 4: ఒక విద్యార్థి తండ్రి

అందరూ స్థలాల గురించి రాస్తున్నారు, నేను వెళ్లలేని పిల్లల గురించి అడుగుతాను. మా అబ్బాయి బడిలో రెండేళ్ల కిందట ఇలాంటి యాత్రే పెట్టారు. తరగతిలో అరవై మంది ఉంటే ఇరవై ఐదు మంది వెళ్లారు. మిగిలినవారికి ఆ పది రోజులూ, ఆ తరువాత నెల రోజులూ తరగతి గదిలో వినిపించింది ఒకటే కబురు. మా అబ్బాయి ఇంట్లో ఏమీ అడగలేదు. అదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. మాస్టారు ముప్పై నలుగురని రాశారు. మొత్తం తరగతిలో ఎంతమంది ఉన్నారో రాయలేదు.

జవాబు 5: విజయవాడ ఆడిటరు

డబ్బు గురించి ఎవరూ రాయలేదు గనుక క్లుప్తంగా చెబుతాను. విదేశీ యాత్రా ప్యాకేజీ అమ్మేటప్పుడు ఏజెంటు చట్టప్రకారం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేయాలి. అది అదనపు ఖర్చు కాదు. ఎవరి పాన్ మీద జమ అయితే వారు ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. కానీ బడి అందరి దగ్గరా డబ్బు పోగుచేసి ఒకే చెక్కుగా ఇస్తే, జమ అంతా బడి పాన్ మీదకు వెళ్లి తల్లిదండ్రులకు వాపసు దారి మూసుకుపోతుంది. ప్రతి కుటుంబం తన పాన్‌తో నేరుగా చెల్లించి, విడివిడి రసీదు తీసుకోవాలి. రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో, ఏ తేదీ లోపు రద్దు చేసుకోవాలో రాతపూర్వకంగా ఉండాలి.

పిల్లల పాస్‌పోర్టులు కూడా ఇప్పుడే చూడండి. మైనర్లకు ఇచ్చే పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్లకే చెల్లుతుంది. నాలుగో తరగతిలో తీసుకున్నది తొమ్మిదో తరగతికి గడువు తీరిపోయి ఉంటుంది. తిరిగి వచ్చే తేదీ తరువాత కూడా కనీసం ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి. మారిషస్‌కు భారతీయ పర్యాటకులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు గానీ, తిరుగు టికెట్టు, బస వివరాలు చూపించాలి; తల్లిదండ్రులు వెంట లేని పిల్లలకు ఇద్దరి సంతకాలతో నోటరీ చేయించిన సమ్మతి పత్రం దగ్గర ఉండడం మంచిది.

ప్రశ్న అడిగినవారి సమాధానం: కాకినాడ సైన్సు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను ముద్రించి యాజమాన్యం ముందు పెట్టాను. సంక్రాంతి ప్రతిపాదన బెలాల్ తుపాను తేదీ చదవగానే ఆగిపోయింది. పారాసెయిలింగ్ తీసివేసి ఇల్ ఓజెగ్రెత్, బ్లూ బే చేర్చమన్నాము. ఏజెంటు ఆ దీవి పేరు మొదటిసారి వింటున్నానని ఒప్పుకున్నాడు. మూడోరోజు షాపింగు పోయి ఆప్రవాసీ ఘాట్, మ్యూజియం వచ్చాయి. పిల్లలు గొడవ చేస్తారేమోనన్న భయంతో ఇల్ ఓ సెర్ఫ్ ఒక పూట ఉంచాము. లైఫ్ జాకెట్టుతో మోకాలి లోతు వరకే అనుమతి.

నాలుగో జవాబు రాసిన తండ్రిగారికి: మా తొమ్మిదో తరగతిలో రెండు సెక్షన్లు కలిపి డెబ్బై ఒక్క మంది ఉన్నారు. ఆ సంఖ్యను నేను మొదట రాయకపోవడం పొరపాటు, నిజం చెప్పాలంటే దాని గురించి ఆలోచించలేదు. ఖర్చు తగ్గించి అందరినీ తీసుకువెళ్లడం మా చేతిలో లేదు. అయితే బయలుదేరడానికి ముందు మొత్తం డెబ్బై ఒక్క మందినీ ఒకరోజు కోరంగి తీసుకువెళ్లి, 1839 నాటి తుపాను దెబ్బతీసిన ఆ పాత రేవు ప్రాంతాన్నీ, మడ అడవులనూ చూపించడానికి, మరో ఆదివారం పంగిడి క్వారీకి వెళ్లడానికి అనుమతి సంపాదించాను. వెళ్లనివారు కోరంగి గురించి ఒక్కొక్క పేజీ రాస్తారు, వెళ్లేవారు వాటిని పోర్ట్ లూయీ తీసుకువెళ్తారు. దీనితో మీరు చెప్పిన బాధ తీరదని నాకు తెలుసు.

మారిషస్ మిత్రునికి ఒక చివరి విన్నపం. ఆ పేజీలను అక్కడ ఎవరికి ఇవ్వాలి? తెలుగు బోధించే బడి ఏదైనా ఉంటే, అక్కడి పిల్లలతో మా పిల్లలు ఒక గంట కూర్చునే వీలు ఉంటుందా?

జవాబు 6: మారిషస్‌లో ఆరేళ్లున్న తెలుగువాడు

తప్పకుండా, మాస్టారూ. మా వీధిలో ఉన్న ఒక తెలుగు ఉపాధ్యాయురాలితో ఇప్పుడే మాట్లాడాను, ఆవిడ తన ప్రధానోపాధ్యాయుణ్ణి అడుగుతానన్నారు. ఇక్కడి బడులకు ఆగస్టులోగా రాతపూర్వకంగా తెలియజేయాలి గనుక బడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం పంపండి. ఆ పేజీలను పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో రాయించమని ఆవిడ కోరారు. ఇక్కడి పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు. బదులుగా వారు ఏమి ఇవ్వగలరని అడిగితే, పప్పు కూరిన ధోల్ పూరీ తినిపిస్తామన్నారు. అది చూసి మీ పిల్లలు 'ఇది మా బొబ్బట్టు కాదూ' అనడం ఖాయం. తియ్యగా ఉండదని మాత్రం ముందే చెప్పి తీసుకురండి.